వ్యాన్ డ్రైవరుకు ఎంత, కాఫీ ఎప్పుడు: కొత్తగా చేరిన విమాన సిబ్బందికి

మొదటి అంతర్జాతీయ లేఓవర్‌కు, అంటే ఫ్లైటుకూ ఫ్లైటుకూ మధ్య వేరే ఊళ్లో బస చేయడానికి, వెళ్లిన రోజు నా పర్సులో ఒకే ఒక్క నోటు ఉంది, వంద డాలర్లది. న్యూయార్క్‌లో జనవరి చలి. హోటలు ముందు వ్యాన్ ఆగగానే డ్రైవరు దిగి, మంచు కరిగి బురదైన చోటు తప్పించి, మా పన్నెండు మంది పెట్టెలూ ఒక్కొక్కటే ఎత్తి పొడినేల మీద పెట్టాడు. ఆయనకు అరవై ఏళ్లు పైనే ఉంటాయి. నా ముందున్నవాళ్లు మడిచిన నోటు ఆయన చేతిలో పెట్టి, ఒక మంచి మాట చెప్పి లోపలికి వెళ్తున్నారు. నా వంతు వచ్చేసరికి నా చెయ్యి ఖాళీ. ఆయన మాత్రం నా పెట్టె పిడి నా వైపు తిప్పి, అందరికీ ఇచ్చినంత జాగ్రత్తగానే అందించాడు. లిఫ్టులో మా సీనియర్ నాతో, "నీ వంతు నేను ఇచ్చానులే. రేపు మన వెనకాల వచ్చే సిబ్బంది కూడా ఆయన వ్యానే ఎక్కుతారు, అది గుర్తుపెట్టుకో" అంది.

ఆ మాట పదకొండేళ్లుగా నాతోనే ఉంది. కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే: ఎవరికి ఎంత టిప్పు ఇవ్వాలి, డ్యూటీలో కాఫీ ఎక్కడ, ఎప్పుడు తాగాలి. శిక్షణలో అత్యవసర ద్వారం తెరవడం, మంటలు ఆర్పడం, నీళ్లలో తెప్ప దించడం నేర్పుతారు. ఇవి మాత్రం పక్కవాళ్లను చూసి నేర్చుకోవలసిందే. అందుకే ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా, జరిగే వరుసలోనే చెబుతాను.

1. చిన్న నోట్లు ముందే తెచ్చుకోండి

మన ఊళ్లో డబ్బు మార్చే దుకాణంలో డాలర్లు అడిగితే వందలు, యాభైలు చేతిలో పెడతారు. ఒకట్లు, అయిదులు కావాలని నోరు తెరిచి అడగండి. ఒకరోజు ముందు ఫోన్ చేసి చెబితే చాలాచోట్ల తీసి ఉంచుతారు. నాలుగు రోజుల అమెరికా ట్రిప్పుకు ఒక డాలరు నోట్లు ఇరవై, అయిదు డాలర్ల నోట్లు నాలుగు సరిపోతాయి. యూరోలకు, పౌండ్లకు నాణేలే చిల్లర కాబట్టి ఒక చిన్న జిప్పు సంచి పెట్టుకోండి. ఒక్కో దేశానికి ఒక్కో సంచి ఉంటే నిద్రకళ్లతో వెతుక్కునే బాధ ఉండదు.

టిప్పు డబ్బు పర్సులో పెట్టవద్దు. వ్యాన్ ఎక్కగానే రెండు నోట్లు మడిచి కోటు జేబులో వేసుకోండి. పన్నెండు గంటలు ఎగిరి వచ్చాక, వెనక నలుగురు ఎదురుచూస్తుండగా, పర్సు తెరిచి నోట్లు ఏరుతూ నిలబడటం అవతలి మనిషికీ ఇబ్బందే, మీకూ ఇబ్బందే.

ఒక తప్పు మాత్రం చేయకండి. మిగిలిపోయిన విదేశీ నాణేలు వదిలించుకోవడానికి వాటిని ఇంకో దేశంలో టిప్పుగా ఇవ్వవద్దు. డబ్బు మార్చేవాళ్లు నోట్లు తీసుకుంటారు గానీ నాణేలు సాధారణంగా తీసుకోరు. ముంబయి హోటల్లో గది శుభ్రం చేసే మనిషికి మీరు వదిలిన యూరో నాణెం ఎందుకూ పనికిరాని లోహపు బిళ్ల.

2. ఇంటి ముందుకు వచ్చే క్యాబ్ దగ్గర

శంషాబాద్ వెళ్లే పికప్ రాత్రి ఒంటిగంటకో, రెండింటికో ఉంటుంది. అది సంస్థ పంపే బండి, ఆ డ్రైవరుకు రోజూ టిప్పు ఇచ్చే ఆచారం మన దగ్గర లేదు. ఆయనకు మీరు ఇవ్వగలిగిన పెద్ద సాయం సమయానికి కిందికి దిగి ఉండటం. మీరు ఎనిమిది నిమిషాలు ఆలస్యమైతే తరువాత ఎక్కవలసిన ముగ్గురి కోసం ఆ ఎనిమిది నిమిషాలనూ ఆయన రోడ్డు మీద వేగం పెంచి రాబట్టుకోవాలి. ఆ బండిలో ఉండేది మీరే.

"అన్నా, చాయ్ తాగారా?" అని అడగడం అలవాటు చేసుకోండి. ఆ వేళకు ఆయన అప్పటికే మూడు ట్రిప్పులు తిప్పి ఉంటాడు. నేను ఇంట్లో కాఫీ కలుపుకునేటప్పుడు ఫ్లాస్కులో రెండు కప్పులు పోసుకుంటాను, ఒకటి ఆయనకు. ఇక దసరా మామూలు తప్పనిసరిగా ఇవ్వండి. ఏడాది పొడవునా అర్ధరాత్రి మిమ్మల్ని భద్రంగా దించిన మనిషికి పండుగ పూట అయిదు వందలు పెద్ద లెక్క కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెయ్యి చేసి ఇస్తే ఇంకా మంచిది.

3. విమానాశ్రయంలో, యూనిఫాంలో, కాఫీ వరుసలో

ముందుగా మీ సంస్థ నియమం చూసుకోండి. యూనిఫాంలో నడుస్తూ తాగడం, తినడం కొన్ని సంస్థల్లో నిషేధం. నిషేధం లేకపోయినా నేను కూర్చునే తాగుతాను. తెల్ల చొక్కా మీద పడిన కాఫీ మరకతో ఆరు గంటలు ప్రయాణికుల ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఒకసారి పడిన వాళ్లకు తెలుసు.

వరుసలో నిలబడండి. యూనిఫాం చూసి ఎవరైనా "ముందు మీరు వెళ్లండి" అంటే కృతజ్ఞతలు చెప్పి వెళ్లవచ్చు, మీరు మాత్రం ఆశించవద్దు. మీ వెనక నిలబడిన మనిషి బహుశా మీ విమానమే ఎక్కుతాడు. నిజంగా సమయం లేకపోతే ఆ రోజు కాఫీ విమానంలోనే.

చాలా విమానాశ్రయాల్లో దుకాణాలు సిబ్బందికి ధర తగ్గిస్తాయి. అడిగే పద్ధతి ఒకటుంది. ఆర్డరు చెప్పేటప్పుడే, బిల్లు కొట్టకముందు, మెల్లగా "సిబ్బందికి తగ్గింపు ఉందా?" అని ఒక్కసారి అడగండి. లేదంటే సరే అని పూర్తి ధర కట్టండి. పక్క టెర్మినల్లో ఇచ్చారు, నిన్న ఇచ్చారు అని వాదించకండి. కౌంటరులో ఉన్న అమ్మాయికి ఆ అధికారం ఉండదు. టిప్పు ఇచ్చే దేశమైతే తగ్గించక ముందు ధర మీద లెక్క కట్టండి. ఎవరైనా అభిమానంతో కాఫీ ఉచితంగా ఇస్తే, ఆ కాఫీ ధరలో సగమైనా టిప్పు డబ్బాలో వేయండి.

మొత్తం సిబ్బందికి ఒకరే వెళ్లి తెచ్చే పనైతే చీటీ మీద రాసుకోండి, డబ్బు ముందే తీసుకోండి. కొత్తవాళ్లను పంపడం మన దగ్గర మామూలే. కానీ ఎనిమిది కప్పుల డబ్బు కొత్తగా చేరిన పిల్ల చేతి నుంచి పెట్టించి, తరువాత ఇస్తామని మరిచిపోయే సీనియర్లను చూశాను. మొదటి నెల జీతం ఇంకా రాని మనిషి నోరు తెరిచి ఎవరిని అడుగుతుంది? మీరు సీనియర్ అయితే పంపే ముందు నోటు చేతిలో పెట్టండి. కెప్టెన్ "అందరికీ నేనే ఇస్తాను" అంటే మొహమాటపడనక్కరలేదు, తీసుకోండి.

4. కాఫీకి గడియారం కట్టండి

మన పనిలో ఇదే అసలు విద్య. కాఫీ తాగిన అరగంట, ముప్పావు గంటకు కెఫీన్ ప్రభావం పూర్తిగా తెలుస్తుంది. ఆ తరువాత ఒంట్లో సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి మూడు నుంచి ఏడు గంటలు. అంటే ఉదయం పదికి తాగిన కాఫీలో సగం మధ్యాహ్నం మూడింటికి కూడా మీ ఒంట్లోనే ఉంటుంది. రాత్రంతా పనిచేసి పగలు పడుకునే మనకు ఈ లెక్క కీలకం.

ఉదాహరణకు, తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్ నుంచి దుబాయి వెళ్లి, మధ్యాహ్నం పన్నెండింటికి తిరిగి వచ్చే డ్యూటీ అనుకుందాం. ఒంటిగంటన్నరకు ఇల్లు చేరి, రెండింటికి పడుకోవాలి. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు వరకు శరీరం బాగా మందగించే సమయం. మొదటి కప్పు మూడింటికి, అంటే ప్రయాణికులు ఎక్కేలోపు దాని పని మొదలయ్యేలా తాగండి. రెండోది అయిదున్నర ప్రాంతంలో. తిరుగు ప్రయాణంలో అందరూ తాగుతుంటారు, మీరు ఆగిపోండి. ఎనిమిది తరువాత మంచినీళ్లు, మజ్జిగ. ఈ ఒక్క కప్పు మానుకోవడం వల్ల నాకు మధ్యాహ్నం నిద్ర రెండు గంటలు పెరిగింది.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు కెఫీన్ రోజుకు 400 మిల్లీగ్రాములు, ఒకసారికి 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. గర్భిణులకు రోజు మొత్తానికి 200. కాఫీ దుకాణంలో పెద్ద కప్పు ఒక్కటే ఒకసారి హద్దును దాటగలదు. అందుకే చిన్న కప్పు అడగండి.

ఇంకొక హెచ్చరిక. ఐరిష్ కాఫీలో విస్కీ ఉంటుంది, తిరమిసు అనే ఇటలీ మిఠాయిలో తరచుగా మద్యం కలుపుతారు. మన దేశంలో ఫ్లైటుకు పన్నెండు గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు, శ్వాస పరీక్ష ఉంటుంది. 2023 నవంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ మద్యం కలిసిన నోరు పుక్కిలించే ద్రవాన్ని, టూత్ జెల్‌ను కూడా వద్దని చెప్పింది. లేఓవర్లో ఎవరో ప్రేమగా ఇప్పించిన కాఫీ అయినా సరే, అందులో ఏముందో అడిగి తాగండి.

5. విమానంలో కాఫీ

పైకి వెళ్లాక కాఫీ రుచి తగ్గినట్టు అనిపిస్తే మీ నాలుక తప్పు కాదు. క్యాబిన్ లోపలి గాలి పీడనం ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పొడి సారం పూర్తిగా దిగదు. గాలిలో తేమ ఇరవై శాతం లోపే ఉండటంతో ముక్కు ఎండి వాసన సరిగా తెలియదు. కాఫీ రుచిలో సగం వాసనేగా.

గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, వేడినీళ్లు విమానం తొట్టి నుంచి వస్తాయి. ఆ తొట్ల శుభ్రత కోసమే అమెరికా 2009లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది: క్రమం తప్పకుండా నీటిని పరీక్షించాలి, తొట్టిని క్రిమిరహితం చేయాలి అని. నీళ్లకు వాసన గానీ రంగు గానీ ఉంటే సొంతంగా నిర్ణయం తీసుకోకుండా వెంటనే సూపర్‌వైజరుకు చెప్పండి. మీరు తాగకుండా ఊరుకోవడం సరిపోదు, అదే నీటితో కాఫీ కలిపి రెండు వందల మందికి ఇస్తున్నాం.

కాక్‌పిట్‌లోకి కాఫీ ఇచ్చేటప్పుడు నేను ఎంత చాదస్తంగా ఉంటానో నాతో ఎగిరినవాళ్లకు తెలుసు. దానికి కారణాలున్నాయి. 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మెక్సికోలోని కాన్‌కూన్‌కు 326 మంది ప్రయాణికులతో వెళ్తున్న ఎయిర్‌బస్ ఎ330లో కెప్టెన్ కాఫీ కప్పు ఒలికింది. ఎక్కువ భాగం ఆయన ఒడిలోనే పడింది. కొద్దిగా మాత్రం మాట్లాడే పరికరాల మీట్ల పలక మీద పడింది. ఆ కొద్దిపాటి కాఫీకే పలక వేడెక్కి, పొగ వచ్చి, అట్లాంటిక్ మీద నుంచి విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కు మళ్లించవలసి వచ్చింది. ఆ కప్పుకు మూత లేదు. 2019 నవంబరు, 2020 జనవరిలో రెండు ఎయిర్‌బస్ ఎ350 విమానాల్లో పైలట్ల మధ్యనున్న, ఇంజిన్ల మీటలుండే పీఠం మీద పానీయం ఒలికి, కాసేపటికి ఒక్కో ఇంజిను ఆగిపోయింది. మన దేశంలో 2023 హోలీ రోజున ఢిల్లీ నుంచి గువాహటి వెళ్లే విమానంలో ఆ పీఠం మీద కాఫీ కప్పు పెట్టి తీసిన ఫొటో బయటికి వచ్చి ఇద్దరు పైలట్లను డ్యూటీ నుంచి తప్పించారు.

కాబట్టి ఇలా చేయండి. కప్పులో ముప్పావు వంతే పోయండి. మూత నొక్కి, తలకిందులు చేయబోతున్నట్టు కొద్దిగా వంచి చూడండి. లోపలికి వెళ్లాక "కాఫీ తెచ్చాను" అని చెప్పి, పైలట్ మీ వైపు తిరిగేదాకా ఆగండి. మధ్య పీఠం మీదుగా చెయ్యి చాపకుండా, కిటికీ వైపు నుంచి అందించండి. కెప్టెన్ పట్టుకున్నాక మీరు వదలండి. కప్పు హోల్డరులో పడిందని కళ్లారా చూసి బయటికి రండి. ఖాళీ కప్పులు వెంటనే వెనక్కి తెచ్చుకోండి. సీటు బెల్టు దీపం వెలిగి, విమానం ఊగుతుంటే ఎవరు అడిగినా వేడి కాఫీ ఇవ్వవద్దు. కెప్టెన్ అయినా సరే.

6. ప్రయాణికులు డబ్బు ఇవ్వబోతే

ఇది తెలుగువాళ్లకు మరీ ఎక్కువగా ఎదురవుతుంది. దుబాయికి, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లే మన పెద్దవాళ్లు ఎందరో మొదటిసారి విమానం ఎక్కుతుంటారు. ఒకసారి డెబ్భై ఏళ్ల అమ్మమ్మగారు ఒకరు, కూతురి పురుడు కోసం వెళ్తున్నారు. ఆమెకు సీటు బెల్టు పెట్టాను, ఫారం నింపాను, రెండుసార్లు మరుగుదొడ్డి దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. దిగేటప్పుడు చీర కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన రెండు వందల నోటు నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేశారు. "కాఫీ తాగు తల్లీ, ఉదయం నుంచి నిలబడే ఉన్నావు" అన్నారు.

చాలా విమాన సంస్థల్లో సిబ్బంది ప్రయాణికుల నుంచి డబ్బు తీసుకోకూడదు. అమెరికాలో టిప్పు తీసుకోనిచ్చే సంస్థ ఒకటి ఉన్నా మన దగ్గర అది చెల్లదు. అయితే తిరస్కరించే తీరు ఆ మనసు నొచ్చుకోకుండా ఉండాలి. నోటును వెనక్కి తోయవద్దు, "రూల్ ఒప్పుకోదు" అని పొడిగా అనవద్దు. రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని ఇలా చెప్పండి: "అమ్మమ్మగారూ, మీరు ఇచ్చినట్టే. ఇది తీసుకుంటే నా ఉద్యోగానికి ఇబ్బంది. ఈ డబ్బుతో మనవడికి బొమ్మ కొనండి, నా పేరు చెప్పి ఇవ్వండి." ఆ రోజు నేను ఇలాగే చెబితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కళ్లలోనూ. నోటు మళ్లీ కొంగుకే కట్టాను. ఎంత చెప్పినా వినకుండా సీటులో వదిలేసి వెళ్లిపోతే, ఆ డబ్బు జేబులో వేసుకోకుండా సూపర్‌వైజరుకు అప్పగించి రాయించండి.

ఇంకొక మాట కూడా ఇక్కడే. గల్ఫ్‌కు పనికి వెళ్లే అన్నదమ్ములు కొందరు కాఫీ బండి వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపుతారు. వద్దని కాదు, డబ్బు కట్టాలేమోనన్న భయం. మీ సర్వీసులో కాఫీ ఉచితమైతే, "ఇది టికెట్లోనే ఉంది అన్నా, పాలు కలపమంటారా?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు చెయ్యి చాపుతారు.

7. దిగిన దేశంలో

అమెరికాలో టిప్పు జీతంలో భాగం. హోటల్ భోజనశాలల్లో వడ్డించేవాళ్లకు సమాఖ్య చట్టం ప్రకారం యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తున్నా, మిగతాది మన లాంటివాళ్ల చేతి నుంచే రావాలి. కూర్చుని తింటే బిల్లుకు 18 నుంచి 20 శాతం. ఎక్కువ మంది కలిసి తింటే బిల్లులోనే టిప్పు కలిపి ఉండవచ్చు, చూసుకోండి. వ్యాన్ డ్రైవరు పెట్టె ఎత్తితే మనిషికి ఒకటి రెండు డాలర్లు. మా సిబ్బందిలో వ్యాన్ ఆగకముందే ఒకరు అందరి దగ్గరా పోగుచేసి ఒకేసారి ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాం. చివర దిగినవాళ్ల మీద భారం పడదు, చిల్లర లేనివాళ్లు బయటపడరు. కాఫీ దుకాణంలో డబ్బు కట్టే యంత్రం తెరను మీ వైపు తిప్పి, టిప్పుగా 18, 20, 25 శాతం చూపిస్తే కంగారు పడకండి. నీళ్ల సీసా తీసుకుంటే ఏమీ నొక్కనక్కరలేదు. నురుగు పోసి కాఫీ కలిపి ఇస్తే ఒక డాలరు మర్యాద.

ఇటలీలో పద్ధతి పూర్తిగా వేరు. చాలా బార్లలో, ముఖ్యంగా రైల్వే స్టేషన్లలో, రద్దీ చోట్ల, ముందు గల్లా పెట్టె దగ్గర కాఫీ పేరు చెప్పి డబ్బు కట్టాలి. ఆ రసీదు తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్లి చూపించి, నిలబడే తాగాలి. కూర్చుంటే ధర ఎక్కువ. "కాఫే" అంటే అక్కడ చిన్న కప్పులో చిక్కటి ఎస్‌ప్రెసో వస్తుంది. పాల కాఫీ కావాలంటే కపుచీనో అడగాలి, భోజనం తరువాత అది అడగరు. "లాత్తే" అంటే పాలు మాత్రమే వస్తాయి, మా కొత్త అమ్మాయి ఒకతె మిలానోలో అలాగే వేడి పాల గ్లాసు పట్టుకుని నిలబడింది. టిప్పు అక్కరలేదు, ఇష్టమైతే రసీదు మీద పది ఇరవై సెంట్ల నాణెం పెడతారు.

ఫ్రాన్సులో సేవ ధర బిల్లులోనే ఉంటుంది, ఒకటి రెండు యూరోలు వదిలితే చాలు. జర్మనీలో డబ్బు ఇచ్చేటప్పుడే ఎంత ఉంచుకోవాలో నోటితో చెబుతారు, బల్ల మీద వదిలేసి రారు. లండన్‌లో బిల్లు చివర 12.5 శాతం సేవా రుసుము వేసి ఉంటే మళ్లీ టిప్పు వద్దు. 2024 అక్టోబరు నుంచి బ్రిటన్ చట్టం ప్రకారం ఆ డబ్బు మొత్తం పనివాళ్లకే పంచాలి.

జపాన్‌లో టిప్పు ఇవ్వకండి. బల్ల మీద వదిలిన డబ్బు పట్టుకుని, మీరు మరిచిపోయారనుకుని వీధి చివరిదాకా పరుగెత్తుకుని వస్తారు. డబ్బు ఇచ్చేటప్పుడు కూడా చేతికి కాకుండా గల్లా దగ్గరున్న చిన్న పళ్లెంలో పెట్టండి. బాగా చూసుకున్న హోటలువాళ్లకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే మన అరకు కాఫీ పొడి చిన్న పొట్లం ఇవ్వండి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ అది, మన్యంలో గిరిజన రైతులు పండించేది. నేను ఇచ్చిన పొట్లాన్ని రిసెప్షన్‌లో ఉన్న ఆమె రెండు చేతులతో అందుకుని తల వంచింది. మళ్లీ నెలకు వెళ్తే దాన్ని ఎలా కలిపిందో వివరంగా చెప్పింది.

గల్ఫ్‌లో టిప్పు తప్పనిసరి కాదు గానీ పెట్టెలు మోసిన అబ్బాయికి అయిదు పది దిర్హాములు ఇవ్వండి, అతను మన జగిత్యాలవాడో, నేపాలువాడో అయి ఉంటాడు. ఎవరైనా అరబ్బు కాఫీ, గహ్వా, పోస్తే పిడి లేని ఆ చిన్న కప్పును కుడిచేత్తో అందుకోండి. చాలనుకుంటే కప్పును ఇటూ అటూ కొద్దిగా కదపండి. ఊరుకుంటే మళ్లీ పోస్తూనే ఉంటారు. రంజాన్ నెలలో పగలు, ముఖ్యంగా సౌదీలో, బయట యూనిఫాంలో కాఫీ కప్పు పట్టుకుని తిరగవద్దు.

మన దేశంలో లేఓవర్ అయితే బిల్లులో సేవా రుసుము ఉందేమో చూడండి. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమని అడిగి, ఆ డబ్బు వడ్డించిన మనిషి చేతికే ఇవ్వండి.

8. హోటల్ గది

గది శుభ్రం చేసే మనిషిని మనం చూడనే చూడం, అందుకే మరిచిపోతాం. అమెరికాలో రోజుకు రెండు నుంచి అయిదు డాలర్లు, మన దేశంలో వంద రూపాయలు. చివరి రోజు కాకుండా ఏ రోజుది ఆ రోజే పెట్టండి, ఎందుకంటే రేపు వచ్చేది వేరే మనిషి కావచ్చు. ఊరికే బల్ల మీద పెడితే అతిథి మరిచిన డబ్బు అనుకుని ముట్టరు. హోటలు కాగితం మీద "గది శుభ్రం చేసిన మీకు, ధన్యవాదాలు" అని ఆ దేశపు భాషలో రాసి దాని మీద నోటు పెట్టండి.

మనం పగలు పడుకుంటాం, తలుపుకు "లోపలికి రావద్దు" అట్ట వేలాడదీస్తాం. ఆమెకు ఆ రోజు పూర్తి చేయవలసిన గదుల లెక్క ఉంటుంది, మన తలుపు దగ్గరికి మూడుసార్లు వచ్చి తిరిగి వెళ్తుంది. పడుకోబోయే ముందు కిందికి ఫోన్ చేసి, "నేను సాయంత్రం అయిదు దాకా నిద్రపోతాను, ఈ రోజు శుభ్రం అక్కరలేదు, రెండు తువ్వాళ్లు బయట పెట్టండి చాలు" అని చెప్పండి. నోటు విలువ కంటే ఈ ఫోన్ విలువ ఆమెకు ఎక్కువ అని ఢిల్లీ హోటల్లో పనిచేసే ఒకావిడ నాతో స్వయంగా చెప్పింది.

గదిలో కాఫీ యంత్రం ఉంటే ముందు ఒకసారి ఉత్త నీళ్లు పోసి తిప్పి పారబోయండి. నేను మాత్రం చిన్న స్టీలు ఫిల్టరు పెట్టెలో వేసుకునే వెళ్తాను. రెండున్నర చెంచాల పొడి పై గిన్నెలో వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, కెటిల్లో మరిగిన నీళ్లు ఒక నిమిషం ఆగాక అంచు దాకా పోసి మూత పెడతాను. స్నానం చేసి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చేసరికి కింద గిన్నెలో నల్లగా, చిక్కగా డికాషన్ దిగి ఉంటుంది. మూత తీయగానే గదంతా ఇంటి వంటగది వాసన. వేరే దేశంలో ఏ వేళకు నిద్రలేచానో తెలియని రోజుల్లో, ఆ వాసనే నాకు తెల్లవారిందని చెబుతుంది. పొడిని దుకాణపు ముద్ర ఉన్న పొట్లంలోనే తీసుకెళ్లండి, విడిగా డబ్బాలో ఉంటే తనిఖీలో ప్రశ్నలు వస్తాయి. ఆస్ట్రేలియాలో మాత్రం తినేవి, తాగేవి ఏవైనా ప్రకటన పత్రంలో రాయండి.

9. తిరిగి వచ్చాక

పడుకునే ముందు నాణేల సంచులు ఖాళీ చేసి, తగ్గిన నోట్లు ఏవో చూసుకోండి. మళ్లీ ఆ ఊరి డ్యూటీ పడినప్పుడు పరుగెత్తనక్కరలేదు. తరువాత చిన్న పుస్తకంలో రెండు ముక్కలు రాయండి: ఏ ఊరు, కాఫీ ఎక్కడ, ఎంత, డ్రైవరు ఎలాంటివాడు. నా పుస్తకంలో న్యూయార్క్ పేజీలో ఇలా ఉంది: "పెద్దాయన. మోకాలి నొప్పి. పెట్టె వ్యాన్ మెట్టు దాకా మనమే తెచ్చి పెట్టాలి. కాఫీలో పాలు వద్దు, చక్కెర రెండు." రెండోసారి వెళ్లినప్పుడు విమానాశ్రయంలో రెండు కాఫీలు కొని, ఒకటి ఆయనకు ఇచ్చాను. దాని కింద మడిచిన నోట్లు రెండు, మొదటిసారి బాకీతో కలిపి.